మల్లేశం బావిలో రాజేశ్వరి ఈత

ఈ పొద్దున తల దువ్వుకుంటుంటే జుట్టులోంచి బావి నీళ్ల వాసన గుప్పుమంది. కరీంనగర్‌లో, రెండో అంతస్తులో, కుక్కర్ కూతల మధ్య, షాంపూతో రెండుసార్లు రుద్దుకున్న తలలోంచి పాచి పట్టిన రాతి వాసన, పావురాల గూళ్ల వాసన, మోటారు పైపు తుప్పు వాసన, అడుగున ఎక్కడో నానుతున్న ఆకుల వగరు, అన్నీ కలిసి వచ్చాయి. మా ఆయన పేపర్లోంచి తలెత్తి ముక్కు ఎగబీల్చి "ఇంట్ల ఏమన్న తడిసిందా?" అన్నాడు. తడిసింది నేనే, అరవైకి దగ్గర పడ్డ వయసులో, నిన్న పొద్దంతా తడిశాను అని చెప్పి పెద్దగా నవ్వాను. మొన్నటి దాకా మోకాళ్లకు తైలం రాసుకుంటూ కూర్చున్న దాన్ని, ఒళ్లంతా పులిసిపోయి కూడా ఎవరైనా రమ్మంటే మళ్లీ పరుగెత్తేలా ఉన్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు మిమ్మల్ని ఆ బావి దగ్గరికి తీసుకుపోవాలి.

మా చిన్నప్పుడు మంథని చుట్టుపక్కల ఊళ్ల పిల్లలం పొలాల గట్ల మీదుగా హైస్కూలుకు నడిచి పోయేవాళ్లం. ఎండాకాలం ఒంటిపూట బళ్లు మొదలైతే మాకు పండగే. పొద్దున చల్లగాలికి పోయి, నెత్తి మాడే ఎండలో తిరిగి వస్తూ, దారి పొడుగునా దొరికింది దొరికినట్టు తింటూ, తునికిపండ్ల జిగురు వేళ్లకు అంటితే లంగాలకు తుడుచుకుంటూ, పచ్చి మామిడికాయను రాతి మీద పగలగొట్టి, కాగితంలో దాచుకున్న ఉప్పూకారం అద్దుకుని పళ్లు పులిసేదాకా నములుతూ, ఇంట్లో కుండలో చల్లబడుతున్న జొన్న అంబలినీ దాంట్లోకి కొరుక్కునే ఉల్లిగడ్డనూ తలచుకుంటూ నడిచేవాళ్లం. సరిగ్గా కాళ్లు మొరాయించే చోట మా క్లాసు మల్లేశం వాళ్ల బావి వచ్చేది. నాలుగు వైపులా రాతికట్టు, ఒక వైపు నీళ్లదాకా దిగే మెట్లు, చుట్టూ తుమ్మచెట్లు. మోట పోయి కరెంటు మోటారు వచ్చిన కొత్త. అయినా మోట తాళ్లు ఒరుసుకుని పడ్డ గాళ్లు రాళ్ల మీద ఇంకా నున్నగా కనిపించేవి, మేం వాటిలో వేళ్లు పెట్టి చూసేవాళ్లం.

బావి మగపిల్లల రాజ్యం. వాళ్లు పుస్తకాల సంచులు విసిరేసి, అంగీలు తుమ్మకొమ్మలకు తగిలించి, పైనుంచి దబ్బుదబ్బున దూకుతుంటే నీళ్లు మెట్లమీది దాకా చిమ్మేవి. ఆడపిల్లలం కింది మెట్టు మీద కూర్చుని కాళ్లు తడుపుకుని, కుళ్లుకుని, ఇంటికి పోవాలి. ఈత నేర్పే పద్ధతి మా దగ్గర ఒకటే. తీగ మీదే ముదిరి ఎండిన సొరకాయ బుర్రలు రెండు తెచ్చి, గింజలు తీసిన బెజ్జాన్ని మైనంతో మూసి, నేర్చుకునేవాడి వీపుకు తాడుతో కట్టేవారు. ముడి మాత్రం జారుముడి వేసేవారు. దాని కొస నేర్పేవాడి చేతికి అందేలా వెనక వేలాడుతుండేది. కొన్నాళ్లు కాళ్లూ చేతులూ ఆడించి కాస్త దారికి వచ్చాడనుకోగానే, నేర్పేవాడు వెనకనుంచి వచ్చి చప్పుడు కాకుండా కొస లాగేసేవాడు. బుర్రలు పక్కకు తేలిపోయేవి. వాడికి ఆ సంగతి తెలియదు, వీపు మీద బుర్రలున్నాయన్న ధైర్యంతో అవతలి గోడదాకా ఈదుకుంటూ పోయేవాడు. అప్పుడు గట్టు మీదివాళ్లంతా "బుర్ర పోయింది! బుర్ర పోయింది!" అని గోల చేసేవారు. వాడు వెనక్కి తిరిగి చూసి గుడ్లు తేలేసి, ఆ వెంటనే తనంతటి మొనగాడు లేనట్టు నవ్వేవాడు. ఆ సాయంత్రం వాడి ఇంటినుంచి బెల్లం, పుట్నాలు బావి దగ్గరికి రావాలి. మొదటి ముక్క నీళ్లలో వేసి మిగతాది అందరూ పంచుకునేవారు. బెల్లం తినడానికి మాత్రం ఆడపిల్లలను ఎవరూ వద్దనేవారు కాదు.

మా క్లాసులో ఈత వచ్చిన ఆడపిల్ల ఒక్కతే, సువార్త. వాళ్ల బాపు ఎండాకాలమంతా బావుల్లో పూడిక తీసేవాడు, ఆదివారం తెల్లంగీ వేసుకుని చర్చిలో అందరికంటే గట్టిగా పాడేవాడు. తండ్రి వెంట బావుల్లో దిగీదిగీ ఈ పిల్లకు నీళ్లంటే నేలతో సమానం. బతుకమ్మ పండుగకు మా ఇంటి మలీద ముద్దలు ఆమెకు, క్రిస్మస్‌కు వాళ్లింటి గారెలూ అరిసెలూ నాకు. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో మూడో వాటా రాజేశ్వరిది. రాజేశ్వరి మా ముగ్గురిలో పొడుగు. ఖోఖోలో ఎవరికీ చిక్కేది కాదు. నవ్వు మొదలుపెడితే ఆపుకోలేకపోయేది, సార్లు బయట నిలబెడితే తలుపు అవతల నిలబడి కూడా నవ్వేది.

పదో తరగతి పరీక్షలు అయిపోయిన ఎండాకాలం సువార్త మా ఇద్దరికీ ఈత నేర్పుతానంది. మగవాళ్లు తిని వేపచెట్ల కింద నడుం వాల్చే వేళ మేం బావిలో దిగాలి. కాపలాకు మా నాయినమ్మ ఒప్పుకుంది. ఆమె గట్టు మీద తుమ్మనీడలో కూర్చుని, తమలపాకుకు తీరిగ్గా సున్నం రాసుకుంటూ, ఎవరైనా మగమనిషి వస్తుంటే "ఓసి మేకా, గడ్డి తినుమంటె గట్టు మీదికొస్తవేందే!" అని అరవాలి. అక్కడ మేకా లేదు, దాని మెడలో తాడూ లేదు. ఆ కేక వినగానే మేం గొంతుదాకా నీళ్లలో దిగి గోడకు అతుక్కుపోయేవాళ్లం. ఒకరోజు ఎవరో పెద్దాయన పాపం నిజమనుకుని, ఆ మేకను వెతకడానికి నాయినమ్మతో పాటు చెట్లన్నీ తిరిగాడట. మేం కింద నీళ్లలో నోళ్లు మూసుకుని నవ్వలేక చచ్చాం.

నా బుర్రలు సువార్త ఎప్పుడు విప్పిందో నాకు తెలియదు. అవతలి గోడ పట్టుకుని తిరిగి చూస్తే అవి బావి మధ్యలో తేలుతున్నాయి, రాజేశ్వరి మెట్ల మీద గంతులేస్తూ "బుర్ర పోయిందే సరోజా!" అని అరుస్తోంది. అంత సంతోషం మళ్లీ నేను ఉద్యోగం వచ్చినప్పుడు కూడా పడలేదు. "రేపు నీదే," అంది సువార్త రాజేశ్వరితో. ఆ రాత్రి రాజేశ్వరి నిద్రపోయి ఉండదు.

మర్నాడు వీపుకు బుర్రలు కట్టించుకుని రెండు మునకలు వేసిందో లేదో, వాళ్లన్న గట్టు మీదనుంచి కేకేశాడు. "రాజీ, అవ్వ జల్ది రమ్మంటుంది." ఆమె బుర్రలు విప్పించుకుని నా చేతిలో పెట్టి, "ఇప్పుడే వస్త, ఎవ్వలకియ్యకు" అని తడి జుట్టుతో పరుగెత్తింది. ఇంట్లో ఎవరో కొత్తవాళ్లు పెండ్లి మాటలు మాట్లాడుకుంటూ భోజనాలు చేస్తున్నారట. "ఎవ్వల పెండ్లే?" అని వాళ్లమ్మను అడిగిందట. "నీదే బిడ్డా," అందట ఆమె, కూర వడ్డిస్తూనే. మాట ఖాయమైపోయింది, బొట్టు పెట్టడమే తరువాయి. ఆ తడి జుట్టుతోనే పీట మీద కూర్చోబెట్టారు. నేను పొద్దుగూకేదాకా బుర్రలు ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద ఎదురుచూశాను.

తర్వాత ఎవరి దారి వారిది. నేను టీచరునై కరీంనగర్ చేరాను. సువార్త నర్సై జైనూర్ గుట్టల్లో ఊరూరూ తిరిగింది. రాజేశ్వరి పెనిమిటి మస్కట్ పోయి ఏళ్లకు గానీ తిరిగి రాలేదు, అంతదాకా ఆమె ఇక్కడ పొలం చేసింది, ఇద్దరు కొడుకులను పెంచింది, అత్తను సాకింది. మల్లేశం దుబాయిలో ఏళ్లకేళ్లు గడిపి, నెత్తి మీద వెంట్రుకలు అక్కడ వదిలి, అత్తరు సీసాలతో ఊరికి వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోలేదు. అందరి నంబర్లూ పట్టుకుని గ్రూపు పెట్టాడు, గ్రూపు పెట్టినవాడు సమ్మేళనం పెట్టాడు, ఈ చలికాలం చివర మంథనిలో ఒక ఫంక్షన్ హాల్లో ఇంత పెద్ద ఫ్లెక్సీ కట్టాడు. ఫ్లెక్సీలో అందరివీ పదిహేనేళ్ల కిందటి ఫోటోలే ఉన్నాయి, గుమ్మం దగ్గర మాత్రం ఒకరినొకరం గుర్తుపట్టలేక మెడలోని బ్యాడ్జీలు చదువుకున్నాం.

మైకు పట్టుకుని మల్లేశం షరతు పెట్టాడు. "ఇన్నేండ్లు ఏం జేసిండ్రు, ఇగ ముంగట ఏం జేస్తరు, రెండే ముచ్చట్లు చెప్పాలె. షుగర్ ముచ్చట వద్దు, బీపీ ముచ్చట అస్సలే వద్దు." హాలంతా గొల్లుమంది. ఒకాయన కాశీ పోతానన్నాడు, ఒకాయన హార్మోనియం నేర్చుకుంటానన్నాడు, ఒకావిడ కోడలితో మాట్లాడటం మొదలుపెడతానని అందరిచేతా చప్పట్లు కొట్టించుకుంది. సువార్త "రాత్రి లేదు పగలు లేదు, ఎవ్వలు పిలిస్తె వాళ్ల దగ్గరికి ఉరికిన. ఇగ రోజు తొమ్మిది గొట్టేదాక పండుకుంట" అంది. నేను ఏదో మొక్కల పెంపకం గురించి చెప్పాను, అది నాకే నమ్మకంగా లేదు. ఆఖరున రాజేశ్వరి లేచింది. పొడుగు అలాగే ఉంది, నడుం కాస్త వంగింది. మైకు ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో పట్టుకుంది.

"ఏం జేసిన్నంటే, అందరు జెప్పిన పనులన్ని జేసిన. ముంగట ఏం జేస్తనంటే, నాకు ఈత రావాలె."

మళ్లీ నవ్వులు. ఆమె నవ్వలేదు. నవ్వు ఆపుకోలేని మనిషి నవ్వకుండా నిలబడితే నా నవ్వు కూడా ఆగిపోయింది. మల్లేశం ముందుగా తేరుకుని, తల గోక్కుంటూ, బావి ఉంది గానీ ఉగాది దాటంగనే పూడ్చేస్తున్నామనీ, కొడుకులు అక్కడ కోళ్ల షెడ్డు వేస్తారనీ చెప్పాడు. వెనక వరుసలోంచి సువార్త లేచింది. "అయితె పండుకునుడు తర్వాత. నేను నేర్పుత పా."

ఇక మా హడావిడి చూడాలి. బుర్రలు తెచ్చే పని మల్లేశం తన మీద వేసుకున్నాడు. ఊళ్లన్నీ తిరిగినా ఎండిన సొరకాయ ఒక్కటి దొరకలేదు, ఇప్పుడు లేతకాయ కోసి అమ్ముకోవడమే తప్ప తీగ మీద ఎవరు వదులుతారు? ఆయన నిర్మల్ పోయినప్పుడు బొమ్మల దుకాణంలో గోడకు తగిలించే బుర్రలు చూసి, రెండు నెమళ్లు, నాలుగు చిలుకలు వేసి ఉన్నవి, ఎగిరి గంతేసి కొనుక్కొచ్చాడు. మొదటి ఆదివారం అవి రాజేశ్వరి వీపుకు కట్టి దింపాం. తగిలించడానికి వెనక పెట్టిన బెజ్జం ఎవరం చూడలేదు. బుడబుడమని నీళ్లు తాగి బుర్రలు అడుగుకు పోతూ ఆమెను కూడా లాగాయి. సువార్త జుట్టు పట్టుకుని పైకి తెచ్చింది. రంగు కరిగి రాజేశ్వరి వీపంతా నెమలి పచ్చ. ఆమె దగ్గుతూ, ఉమ్ముతూ, నలభై ఏళ్ల కిందటి నవ్వు నవ్వింది, మేం కూడా మెట్ల మీద పడి నవ్వాం.

తర్వాతి ఆదివారం ఆమె సంచిలోంచి రెండు బుర్రలు తీసింది. గట్టివి, గోధుమరంగువి, బెజ్జాలకు మైనం పెట్టినవి. మా ముఖాలు చూసి సిగ్గుపడింది. "ఏటా తీగకు రెండు ఇడ్సిపెడ్త. ఎందుకిడిచినవే అంటె ఇత్తులకని చెప్త." ప్రతి ఏడూ ఎవరికీ అక్కర్లేని ఆ బుర్రలను ఆరబెట్టి దూలానికి కట్టి, మరుసటి ఏడు కొత్తవి కట్టి, ఇలా ఆమె ఇన్నాళ్లూ ఎదురుచూసిందని తెలిసి నేను నీళ్లలోకి చూస్తూ కూర్చుండిపోయాను. కళ్లు తుడుచుకున్నా ఎవరికీ తెలియని చోటు అది.

ఆదివారం ఆదివారం నేను కరీంనగర్ నుంచి పెద్దపల్లి మీదుగా బస్సు పట్టి పోయేదాన్ని. పాత చుడీదార్లలో ముగ్గురం బావిలో, గట్టు మీద మల్లేశం అటు తిరిగి కూర్చుని కాపలా. ఇటు తిరిగితే టిఫిన్ పెట్టేది లేదని బెదిరించాం. కాలువ నీళ్లు వచ్చినప్పటినుంచి బావి ఎండాకాలం కూడా తగ్గడం లేదు, నిండుగా పచ్చగా ఉంది. కానీ రాజేశ్వరికి ఈత అంత తేలిగ్గా రాలేదు. కాళ్లు కిందికి దిగిపోయేవి, నీళ్లు చెవుల్లోకి పోగానే మెడ బిగుసుకునేది, ఎడమ మోకాలు మొరాయించేది. ఉగాది వచ్చింది, పోయింది. బుర్రలతో ఆ గోడకూ ఈ గోడకూ తిరుగుతోంది గానీ అవి లేకుండా ఒక్క బార వేయలేదు. ఇంట్లో దోస్తులను చూడపోతున్నానని మాత్రం చెప్పి వస్తోంది.

నిన్న ఆఖరి ఆదివారం. సోమవారం పొద్దున్నే మట్టి ట్రాక్టర్లు వస్తాయని మల్లేశం చెప్పేశాడు, కొడుకులు ఇంక ఆగేలా లేరు. నిన్న రాకపోతే ఇక రానట్టే. సువార్త ఆమె వీపుకు బుర్రలు కట్టి, జారుముడి వేసి, కొస వెనక్కి వదిలి, నా వైపు చూసి కన్ను కొట్టింది. ఆ సైగ నాకు తెలుసు. అరవడానికి నోరు సిద్ధం చేసుకున్నాను. రాజేశ్వరి మెట్లు వదిలి గోడ వెంబడి ఈదుతోంది. సువార్త నీళ్లు కదలకుండా వెనకే పోయి చేయి చాచింది. రాజేశ్వరి టక్కున ఆగి గోడరాయి పట్టుకుంది.

"సువార్తా, కొస పట్టుకున్నవా?"

"లేదే, ఉత్తగనే..."

"అబద్ధం చెప్పకు, నాకెర్కనే. తెల్వకుంట గుంజకు."

"గట్ల గుంజితెనే వస్తది రాజీ. తెలిస్తె బుగులు పడ్తవ్."

"పడ్త. పడనియ్యి. నా పెండ్లి తెల్వకుంటనే జేసిండ్రు. ఆయన మస్కట్ పోతుండని టికెట్ వచ్చినంక చెప్పిండ్రు. చెల్క భూమి అమ్మినంక చెప్పిండ్రు. గిదొక్కటన్న నాకు తెల్సి కావాలె. కొస నా చేతికియ్యి."

పైన పావురాలు రెక్కలు కొట్టుకున్న చప్పుడు వినిపించింది. సువార్త కొసను చంక కిందుగా తిప్పి ఆమె పిడికిట్లో పెట్టింది. "మునిగితె నోరు ముయ్యి. కాళ్లు ఆపకు. నేను పక్కపొంటి ఉంట" అంది, రోగికి చెప్పినట్టు నెమ్మదిగా.

రాజేశ్వరి చాలాసేపు అలాగే ఉంది. పెదాలు నల్లబడ్డాయి. వద్దులే, చాలు, పైకి రా అని అనబోయి మింగాను. ఆమె అవతలి గోడను ఒకసారి చూసి, కొస లాగింది. బుర్రలు వీపు మీదనుంచి జారి తేలుతూ పోయాయి. అవి పోవడం కళ్లారా చూసింది. తర్వాత గోడ వదిలింది.

మునిగింది. జుట్టు ముడి ఒక్కటే కనిపించింది, తర్వాత అదీ లేదు. సువార్త చేయి ముందుకు లేచి, అక్కడే ఆగింది. అప్పుడు రాజేశ్వరి తల బయటికి వచ్చింది, దగ్గింది, పిచ్చిపట్టినట్టు నీళ్లు కొట్టింది, కొట్టీకొట్టీ ఎక్కడో ఒకచోట కాళ్లూ చేతులూ ఒక దారికి వచ్చాయి. వంకరగా, చప్పుడు చేస్తూ, ముక్కు పైకెత్తి, ఆగకుండా పోయి అవతలి గోడరాయిని రెండు చేతులా పట్టుకుంది. "బుర్ర పోయింది" అని నేను అరవలేదు. ఆమెకు చెప్పాల్సిన పని లేదు.

పైనుంచి మల్లేశం గొంతు. "ఏమైందే? సప్పుడు లేదేంది? జర చెప్పుండ్రి, నేను తిరగాల్నా వద్దా?"

"తిరిగితె కాళ్లు ఇరుగుతయ్!" అని అరిచింది సువార్త. "వచ్చింది! మా రాజికి ఈత వచ్చింది!"

మల్లేశం అటు తిరిగే గంతులేశాడు, తువ్వాల గాలిలో తిప్పుతూ. రాజేశ్వరి గోడ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది, ఏడుపూ నవ్వూ కలిసిపోయి ఎంతకూ ఆగలేదు. ఆ తర్వాత ఆమె మళ్లీ ఈదింది, మళ్లీ ఈదింది, ఆకలేస్తోందన్నా పైకి రాలేదు. చివరికి తడిబట్టలతో మెట్ల మీద కూర్చుని బెల్లం, పుట్నాలు తిన్నాం. మొదటి ముక్క తనే నీళ్లలో వేసింది. "ఇంట్ల చెప్పినవా?" అని అడిగాను. వేళ్లు నాక్కుంటూ అంది: "చెప్పలే. ఇప్పుడు వోయి చెప్త. అయినంక."

ఈ మధ్యాహ్నం మల్లేశం గ్రూపులో ఫోటో పెట్టాడు. ట్రాక్టరు తొట్టి వెనక్కి లేచి ఉంది, ఎర్రమట్టి మెట్ల మీదుగా నీళ్లలోకి జారుతోంది. ఫోటోను వేళ్లతో పెద్దది చేసి మోట గాళ్లు పడ్డ రాయి కోసం వెతికాను, కనిపించలేదు. ఆ దారిలో ఒకప్పుడు అడుగడుగునా బావులుండేవి. ఇప్పుడు బోరు పైపులు తప్ప ఏమీ లేవు. గట్ల మీద నడిచి బడికి పోయే పిల్లలు లేరు, ఆటోలొచ్చాయి. తునికిచెట్లు కొట్టేశారు. నాయినమ్మ పోయింది, ఆమె లేని మేకా పోయింది. మొన్నటి దాకా మిగిలిన ఒక్క బావి కూడా సాయంత్రానికి చదునవుతుంది. ఏం రాయాలో తెలియక ఏడుపు బొమ్మ ఒకటి పెట్టాను.

వెంటనే రాజేశ్వరి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల వాళ్లాయనో కొడుకో "బావిల దిగినవా? నిజమేనా?" అని పదేపదే అడుగుతున్నారు. వాళ్లను ఆగమని, నాతో అంటోంది:

"సరోజా, ఏడుస్తున్నవా ఏంది? బావి పోతె పోనియ్యి. నాకొచ్చిన ఈత మీద ఎవ్వడు మట్టి పోస్తడే?"